గుండుతో ఓరియంటేషన్

ఈ రోజుల్లో ఫోనులో రెండు నీలి గీతలు పడితే చాలు, అవతలివాడు మన మాట చదివాడని తెలిసిపోతుంది. చదివి జవాబివ్వకపోతే తిట్టుకునే హక్కు కూడా వచ్చేస్తుంది. మా రోజుల్లో అంత సుఖం లేదు. తీగకు అవతల ఒక గొంతు ఉండేది, ఆ గొంతుకు మనమే ఒక మనిషిని తగిలించుకుని నమ్మేవాళ్లం. నేనూ నమ్మాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది (నవ్వు కూడా వస్తుంది గానీ, మంట తరువాతే).

మాది తిరుత్తణిలో నేతగాళ్ల వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. నా బడి చదువు ఐదో తరగతితో సరి. తెలుగు రాయడం, చదవడం పొట్లాలు కట్టిన కాగితాల మీద నాకు నేనే నేర్చుకున్నాను (అయ్యవారు లేనందువల్లే తప్పులు లేకుండా వచ్చిందని నా నమ్మకం). ఇరవై రెండేళ్లకు లారీ లైసెన్సు తెచ్చుకుని, తిరువళ్లూరులో ఒక లారీ కంపెనీకి ఫొటో అంటించి అర్జీ పంపాను. రింగుల జుట్టు, మెలితిప్పిన మీసం ఉన్న ఫొటో. తీసుకుంటామనీ, ముందు మూడు రోజుల ఓరియంటేషన్ ఉంటుందనీ, తేదీ ఫోనులో కనుక్కోమనీ జవాబు వచ్చింది. ఆ సంతోషంలో నా మగ్గాన్ని మా అక్క మొగుడికి ఇచ్చేశాను. ఆయన మరునాడే దాని మీద ఠీవిగా కూర్చుని, “ఉద్యోగం రాకుంటే దిగులుపడొద్దురా, నాకు నూలు కండెలు చుట్టిచ్చుకుంటా ఉండు” అన్నాడు. నా మగ్గానికి నేను కండెలు చుట్టడమా! ఆ ఒక్క మాటతో నాకు తిండి సయించలేదు.

ఓరియంటేషన్ అంటే ఏమిటో వీధిలో ఎవరికీ తెలియదు. బస్టాండు దగ్గర ఫోను బూతు నడిపే అక్క మాత్రం, “అదేం లేదు నాయనా, తాళికి ముందు నిశ్చయం మాదిరి. బండి నిన్ను చూస్తాది, నువ్వు బండిని చూస్తావు” అని తేల్చేసింది. రోజు విడిచి రోజు అక్కడి నుంచే ఫోను చేసేవాణ్ణి. అవతల రెండు గొంతులు. ఒకటి డ్రైవర్లను చేర్చుకునే సారుది, లావు గొంతు: “చెప్తామంటిమి కదప్పా! నీకు వేరే వేలై, పనీ లేదా?” అని ఠక్కున పెట్టేసేది. రెండోది క్లర్కుది, సన్న గొంతు: “సార్ లేరు తంబీ, లోడు చూసేకి పోయినారు. నువ్వు తిన్నావా?” అనేది.

తిన్నావా! నన్ను ఆ మాట అడిగిన ఆఫీసు అదొక్కటే. మనసు కరిగి నీరైపోయేది. ఇంక ఆ అన్నకు చెప్పుకోని బాధ లేదు. “రోజూ యాడికి పోయినాడన్నా మీ సారు? గొంతేమో దున్నపోతుది, మాటేమో గాలిమూట. నీ మాదిరి మనిషి ఆ కుర్చీలో కూర్చొని ఉంటే కంపెనీ ఈపాటికి బాగుపడిపోయుండేది!” అవతల కాస్త దగ్గు. “ఊఁ... ఓపిక పట్టు తంబీ. నేను సారుకు చెప్పి చూస్తా.” ఎంత మంచివాడు, అనుకున్నాను.

చివరికి ఒకరోజు లావు గొంతు, “సోమవారం పొద్దున తొమ్మిదికి వచ్చెయ్” అంది. మా అమ్మ అప్పటికే కొండమీది స్వామికి నా తల మొక్కి ఉంది. “లారీ తాళం చేతికి రానీవే” అని నాన్న ఎంత చెప్పినా వినలేదు. “పిలుపొస్తే ఇస్తానని మొక్కినా. తాళం మాట స్వామి కాడ ఎత్తనే లేదు” అంది. ఆదివారం కొండెక్కాం. జుట్టుతో పాటు మీసమూ పోయింది. సోమవారం నున్నటి గుండు, దాని మీద గంధంతో తిరువళ్లూరు ఆఫీసులో నిలబడ్డాను.

సారు ఫొటో చూశాడు, నన్ను చూశాడు.

“ఇదెవరు?”

“నేనే సార్.”

“మరి నువ్వెవరు?”

“అదే సార్.”

(ఫోనులో సింహాన్ని. ఎదురుగా నిలబడితే పిల్లి గొంతు కూడా సరిగ్గా పెగల్లేదు.)

లైసెన్సు తీసి చూపించాను. దాని మీదా అవే రింగులు. “పోయిన నెల ఇట్లనే ఒకడు తమ్ముణ్ణి పంపించినాడు. క్లాసులో కూర్చునేది ఒకడు, బండి తీసుకపోయి గుద్దేది ఇంకొకడు. పో పో, ఫొటోలో ఉండేవాణ్ణి పంపించు” అని సారు లైసెన్సు నా చేతిలో పడేశాడు.

కళ్ల ముందు కండెలు తిరిగాయి. బయటికి వచ్చాను. రోడ్డు అవతల ఒక ఫోను బూతు. లోకంలో నన్ను ఎరిగిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు, క్లర్కు అన్న! పరుగెత్తి నంబరు తిప్పాను. ఆఫీసు కిటికీలోంచి సారు బల్ల తేటగా కనబడుతోంది. ఫోను మోగింది. సారు ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు.

“సార్ లేరండీ, లోడు చూసేకి పోయినారు.”

సన్న గొంతు!

కిటికీలో కదిలేవి సారు పెదవులు, నా చెవిలో పలికేది క్లర్కు అన్న. ఇన్నాళ్లూ దున్నపోతు గురించి దున్నపోతుకే చెప్పుకున్నానా! పెట్టేయాల్సింది. కానీ నోటికి అలవాటు ఉంటుంది కదా, అది నన్నడగకుండానే అందుకుంది: “అన్నా, మీ సారు నన్ను బయటికి తరిమేసినాడన్నా! కండ్లుండీ కబోది అన్నా ఆ మనిషి! స్వామికి తల ఇచ్చినోడికీ దొంగోడికీ తేడా తెలియదాన్నా?”

సారు మెల్లగా తలెత్తాడు. రోడ్డు అవతల బూతులో నా గుండు ఎండకు మెరుస్తూ ఉండి ఉంటుంది. ఇద్దరి చెవులకూ ఫోన్లు. అప్పుడు లావు గొంతు వచ్చింది.

“ఉళ్ళే వాడా. లోపలికి రా.”

ఉద్యోగం పోయిందనే వెళ్లాను. సారు రిజిస్టరులో నా పేరు ఎదుట గుర్తు పెడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: “మొహం ఎవడైనా మార్చుకోవచ్చు. ఈ నోరు ఇంకొకడికి రాదు. పోయి కూర్చో.” నేను కదల్లేదు. నాకు కోపం ఆగలేదు. “క్లర్కు లేడా సార్?” అన్నాను. “ఒక కుర్చీ, ఒక ఫోను. రోజంతా ఒక్క గొంతుతోనే లేదు లేదంటే తిట్లన్నీ నాకే కదప్పా” అన్నాడు.

తరువాత ఎన్నో ఏళ్లు ఆ కంపెనీ బండ్లే తోలాను. సారు నాతో మళ్లీ ఎన్నడూ సన్న గొంతుతో మాట్లాడలేదు. అది న్యాయమే. కానీ మూడో రోజు సాయంత్రం లారీ తాళం చేతికి వచ్చినప్పుడు, ఈ సంగతి ముందుగా ఎవరికి చెప్పాలా అని చూస్తే, అమ్మకన్నా ముందు గుర్తుకొచ్చింది క్లర్కు అన్నే. తాళం పిడికిట్లో బిగించి, లేని మనిషికి ఫోను చేయాలని ఆ బూతు ముందు కాసేపు నిలబడ్డాడు ఆ గుండు కుర్రాడు. వాడి మీద ఇప్పుడు నాకు కోపం లేదు. దగ్గరికి వెళ్లి, తిన్నావా నాయనా, అని అడగాలనిపిస్తుంది (సారు మీద మాత్రం ఇంకా ఉంది).