తుమ్ము ఆపుకుని విమానమెక్కాను

బతికున్న మనిషిని పోయాడని చెప్పి, పక్కనే కూర్చున్న పెళ్లాం చేత గుండెలు బాదుకునేలా ఏడిపించిన నర్సు ఈ లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ తలుపులేసుకుని కూర్చోవాలనిపిస్తుంది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అరవైల చివర్లో మాట. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరాను. మా పెద్ద డాక్టరుగారు వయసులో ఉండగా సైన్యం విమానాల్లో రోగుల వెంట తిరిగిన మనిషి. ఒక పంచదార మిల్లు యజమాని తన చిన్న విమానాన్ని ప్రాణం మీదికొచ్చిన రోగుల కోసం ఇస్తాననేసరికి ఆయనకు యవ్వనం తిరిగొచ్చింది. నర్సులందరినీ వరండాలో కూర్చోబెట్టి, బుడగ ఊది చూపిస్తూ పాఠం మొదలుపెట్టారు.

"పైకి వెళ్తే గాలి ఉబ్బుతుంది, కిందికి దిగితే ముడుచుకుంటుంది. చెవిలో ఉన్న గాలీ అంతే. జలుబు చేసి లోపలి దారి మూసుకుపోతే, దిగేటప్పుడు చెవులు పగిలిపోతాయి. కాబట్టి జలుబున్నవాళ్లు విమానం ఎక్కకూడదు. ఇంకో మాట. ఆ హోరులో స్టెతస్కోపు పనికిరాదు. చెయ్యి పట్టుకుని నాడి చూడండి. అర్థమైందా?"

అందరికంటే ముందు తలూపింది నేనే. తలూపడంలో నన్ను మించినవాళ్లు మా ఆసుపత్రిలో లేరు.

మొదటి రోగి శృంగవరపుకోట చెరకు రైతు అప్పల్నాయుడుగారు. గుండెలో కవాటం పాడైపోయింది. మర్నాడు మద్రాసులో ఆపరేషను. ఆ రోజు తప్పితే సర్జనుగారు విదేశాలకు వెళ్లిపోతారు, ఆయన తిరిగొచ్చేదాకా నాయుడుగారి ప్రాణం ఆగదు. వెంట వెళ్లే అదృష్టం నాకు పట్టింది. సరిగ్గా ఆ పొద్దున్నే జలుబు కూడా పట్టింది.

చెప్పొచ్చు కదా అంటారా? పొందూరులో మా వీధి వీధంతా నేను విమానం ఎక్కుతున్నానని మా అమ్మ చాటింపు వేసేసింది. ఇక ఏ మొహంతో చెప్పను?

"ఒంట్లో బాగుందా?" అని డాక్టరుగారు అడిగితే తలూపాను.

యుద్ధకాలంలో వేసి వదిలేసిన పాత రన్‌వే మీద విమానం సిద్ధంగా ఉంది. నాయుడుగారికి నిద్ర ఇంజక్షను చేసి స్ట్రెచర్ మీద ఎక్కించారు. ఆయన భార్య పైడమ్మగారు మాత్రం కింద నిలబడిపోయి అందరికీ హెచ్చరిక చేసింది.

"బాబూ, బయల్దేరినప్పుడు ఎవులూ తుమ్మకండి. మా మావ తుమ్ముని లెక్కసేయకుండా ఎల్లి బండి మీంచి పడిపోనాడు. తుమ్ము ఇనబడిందా, నాను ఎక్కను, మా ఆయన్నీ ఎల్లనివ్వను!"

ఆ మాట నా ముక్కు విన్నట్టుంది. అప్పుడే బయల్దేరింది తుమ్ము. ముక్కు నొక్కి, నోరు మూసి, కళ్లు బిగించి దాన్ని లోపలికి తోసేశాను. అది నేరుగా చెవుల్లోకి పోయింది. వెనకే ఇంకొకటి. దాన్నీ అక్కడికే పంపాను.

ఎక్కడం బాగానే ఎక్కాం. పెట్రోలు కోసం గన్నవరంలో దిగుతున్నప్పుడు మొదలైంది నరకం. రెండు చెవుల్లో మేకులు దిగేస్తున్నట్టు నొప్పి. కళ్లలోంచి ధారలు.

"ఏటి సిస్టరమ్మా, ఏడుస్తన్నావేటి? మా ఆయనకేటయినాది?" అని అడిగిందట పైడమ్మగారు. నాకు ఆవిడ పెదవులే కనిపించాయి. కంగారుగా స్టెతస్కోపు నాయుడుగారి గుండె మీద పెట్టాను. ఏమీ లేదు. హోరు వల్లేమో అనుకున్నాను. విమానం నేలకు దిగి, ఇంజను ఆగాక మళ్లీ పెట్టాను. ఖాళీ ఇల్లులా ఉంది గుండె.

నాడి గుర్తొచ్చిందా అంటే రాలేదు. నా మొదటి రోగి నా చేతుల్లోనే పోయాడన్న మాట తప్ప బుర్రలో ఇంకేం మిగల్లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయనకు బదులు నన్ను తీసుకుపొమ్మని దేవుణ్ణి అడిగాను.

"అమ్మా, పోయారమ్మా!" అని అరిచాను. పెట్రోలు పోసేవాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఓలమ్మో! నన్నొగ్గేసి ఎల్లిపోనావా నాయనో!" అని ఆవిడ గుండెలు బాదుకుంది. అదీ నాకు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

పైలటుగారు టోపీ తీసి నా దగ్గరికొచ్చారు. "ఖాయమేనా?"

"ఆఁ?"

"ఖాయమేనా అంటున్నాను!"

"అవునండీ, పోయారు!"

"ఇంక మద్రాసు దేనికి? వెనక్కి తిప్పేస్తాను" అని ఆయన చేత్తో చూపించారు. తలూపాను.

దుప్పటి నాయుడుగారి ముఖం మీదికి లాగి, ఆయన మీదికి వంగి ఏడుస్తున్నాను. పొద్దుట్నుంచీ నేను దాచిపెట్టిన తుమ్ములన్నీ అప్పుడు కూడబలుక్కుని ఒక్కసారిగా బయటికొచ్చాయి. విమానం ఊగింది. నా కుడి చెవి టప్పున తెరుచుకుంది. దుప్పటి కదిలింది.

దుప్పటి లోంచి విసుగ్గా ఒక గొంతు వినిపించింది. "ఒసే పైడీ! ఎవులో తుమ్మినారే. ఇమానం అప్పుడే తియ్యొద్దని సెప్పు. కాసేపు కూకుని, మంచినీల్లు తాగి బయల్దేరదాం."

పాపం, ఇంకా మన రన్‌వే మీదే ఉన్నాననుకుంటున్నాడు!

పైడమ్మగారి ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు మాత్రం వర్ణించలేను. నాయుడుగారి మాట ప్రకారమే అందరం కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మద్రాసు వెళ్లాం. ఆపరేషను బాగా జరిగింది.

తిరిగొచ్చాక డాక్టరుగారు ఒక్కటే అడిగారు. "నాడి చూశావా?"

మొదటిసారి తల అడ్డంగా ఊపాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. జలుబుతో విమానం ఎక్కను. నాడి చూడకుండా ఎవరినీ పోయారని చెప్పను. చూశాక కూడా అనుమానం మిగిలితే, దుప్పటి కప్పబోయే ముందు ముఖం మీదికి వంగి గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మి చూస్తాను.