వాంతులకు గోలీ

చొప్పదండి దగ్గరి గర్షకుర్తిలో మరమగ్గాల చప్పుడు మధ్య నూలు కండెలు చుట్టి బతికే మనిషి స్వరూప. రొమ్ములో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయ్యాక కరీంనగర్ పోయి మొదటి కీమో సూదిమందు ఎక్కించుకుని వచ్చింది. ఇంటికొచ్చింది మొదలు కక్కుడే కక్కుడు. నీళ్లు మింగినా నిలవలేదు. మనిషి పడుగులోంచి తెగిన పోగులా అయింది.

"ఇంకో సూదికి నేను పోను. రోగంతోనన్న జర కూడు దిని సస్త" అని తేల్చి చెప్పేసింది.

భర్త అంబదాస్ మగ్గం ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దవాఖానల గోలీలిచ్చిండ్రు గద, ఏస్కుంటలేవా?"

"ఎందుకేసుకుంట? అవి వాంతులకు గోలీలని నర్సమ్మ చెప్పింది. వాంతులు ఊకెనే అయితున్నయ్. ఇంకిన్ని తెచ్చుకోవాల్నా?"

అంబదాస్ గోలీల పట్టీ అందుకున్నాడు. నిజమే మరి. వాళ్ల బాపు విరేచనాలకు గోలీ వేసుకుంటే విరేచనాలే అయ్యాయి. కానీ జ్వరానికి గోలీ వేసుకుంటే జ్వరం పోతుంది కదా! ఇది ఏ వరుసలోది? పట్టీని అటూ ఇటూ తిప్పాడు. అంతా ఇంగ్లీషే.

వీళ్లను చూసి నవ్వేవాళ్లుంటారు. నవ్వాల్సింది వీళ్లను చూసి కాదు. అంత ఖరీదైన మందు నరంలోకి ఎక్కించగలిగి, ఒక్క ముక్క రోగికి అర్థమయ్యేట్టు చెప్పలేని ఆసుపత్రిని చూసి నవ్వాలి.

సంగతి తెలిసి ఆశా కార్యకర్త సరోజన వచ్చింది.

"ఓ వదినె, గవి వాంతులు తెచ్చేటియి కావు, ఆపేటియి. సూది ఎక్కకముందే ఏస్కోవాలె. ఇంటికొచ్చినంక గూడ వాళ్లు చెప్పినట్టు ఏస్కోవాలె."

దాంతో తేలిపోయేదే. కానీ అత్త కొమురవ్వ మంచంలోంచి లేచి కూర్చుంది.

"ఆపుతదా? ఇగ అయినట్టే! నా పడుసుతనంల ఎవరో కూట్లె మందు వెడితె పసరు వోసి కక్కిచ్చిండ్రు. కక్కినంకనే బతికిన. లోపటిది లోపటనే ఉంటె రోగమెట్ల పోతది?"

"అవ్వా, నీకు పెట్టింది కడుపుల. గీమెకిచ్చింది నరంల."

"నరంల ఇస్తె కడుపెందుకు తిప్పుతది మరి?"

సరోజన తన నెత్తి తట్టి చూపించింది. "దిమాకుకు ఎక్కుతదంటనే అవ్వా. ఆడికెల్లి కడుపుకు కబురు పోతదంట."

"ఏంది, ఫోను చేసినట్టా?"

స్వరూపకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఓకరించి బేసిన్ అందుకుంది.

"ఒక్కపారి ఏస్కొని చూడు. కాకుంటె గీ సరోజననే తిడుదాం" అన్నాడు అంబదాస్.

"గదేంది, నన్నెందుకు తిడ్తరన్నా!"

రెండో సూదికి స్వరూప పోయింది. ముందే గోలీ వేసుకుంది. మర్నాడు మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం తిన్నది. నిలిచింది. ఇంకింత పెట్టమంది. అదీ నిలిచింది.

అంబదాస్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "ఎట్లున్నది?"

"ఏమైతలేదు. గదే భయమైతుంది. పోయినసారి మందు పనిచేస్తున్నట్టు తెలిసింది. గిప్పుడేం తెలుస్తలేదు."

సంతోషించాలో పరేషాన్ కావాలో అంబదాస్‌కు అర్థం కాలేదు. కొమురవ్వ వంగి ఖాళీ బేసిన్‌లోకి చూసింది.

"ఏం రాలే. మరి రోగం ఎట్ల పోతదే?"

"ఏమో అత్తా" అంది స్వరూప, ముద్ద కలుపుతూ. "మూడో సూదికి పోతగద, అప్పుడడుగుత."