మూగ గౌరి గొంతు

సావిత్రి తన కూతురు ధాత్రిని దోహాలో అబూ హమూర్ అనే పేటలోని నర్సరీలో దింపడానికి వచ్చిన మొదటి రోజు, అక్కడి ఆయాను చూసి కాసేపు గుడ్లప్పగించి నిలబడిపోయింది. తరవాత చేతులతో సైగలు మొదలుపెట్టింది. పాపను చూపించింది, పాలసీసా ఎత్తి చూపించింది, తాగలేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది.

“పాలు తాగలేదా అమ్మా? నేను తాగిపిస్త తియ్యున్రి,” అంది ఆయా.

సావిత్రి చేతిలో సీసా జారబోయింది. “అయ్యో, మీకు మాటలొచ్చా!”

“పుట్టినకాడి నుంచి వస్తయమ్మా.”

సావిత్రిది తప్పనడానికి లేదు. ఆమె కాకినాడలో ఉన్న రోజుల్లో అత్తగారి పక్కన కూర్చుని ఈ మొహాన్ని ఏళ్ల తరబడి చూసింది. ఒక పెద్ద సీరియల్‌లో మూగ గౌరి అనే పనిమనిషి. సీరియల్ పేరు చెప్పను. కథానాయిక వైదేహికి కష్టం వచ్చిన ప్రతిసారీ ఈ గౌరి గుమ్మం దగ్గర నిలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేది. మాట లేకుండా అంత ఏడుపు ఏడ్చిన మనిషి ఎదురుగా నిలబడి పాలు తాగిస్తానంటే, ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

ఆయా పేరు గంగాబాయి. నిర్మల్ దగ్గర ఒక పల్లె ఆమెది. మనిషి నలుపు. చామనచాయ అని మొహమాటానికి అనుకునే నలుపు కాదు, అచ్చమైన నలుపు. గొంతు మాత్రం దేవుడు తీరుబడిగా కూర్చుని చేశాడు. నాట్లేసే ఆడవాళ్లు ఆమె పక్క వరసలో నిలబడడానికి పోటీలు పడేవారట. పాట వింటే నడుము నొప్పి తెలియదని వాళ్ల లెక్క. నర్సింగ్‌తో పెళ్లయింది. పెళ్లి పందిరి ఆకులు ఎండకముందే ఆయన డ్రైవర్‌గా ఖతర్ విమానం ఎక్కాడు. ఊళ్లో వాళ్లకు అది కూడా దుబాయే. “దుబాయ్ పోయిండు, ఇగ నీకేంది,” అన్నారు గంగాబాయితో. ఇక తనకేమిటో ఆమెకు తెలియలేదు. చిన్నమ్మ కూతురు ఒకతి హైదరాబాదులో షూటింగుల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తుంటే, ఆమె వెంట కృష్ణానగర్ చేరింది.

అక్కడ ఆమెను చూసిన ప్రతివాడూ ఒకే మాట అన్నాడు. మొహంలో కళ ఉంది, కలర్ లేదు. సరే, అది వాళ్ల వ్యాపారం అనుకోవచ్చు. కానీ నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆ సీరియల్ కథే ఒక నల్లపిల్ల కథ. నలుపని అత్తవారు వెళ్లగొట్టిన వైదేహి అనే కోడలి కథ. దానికి నల్లపిల్లను వెతకలేదు. బెంగుళూరు నుంచి చార్వి అనే తెల్లని పిల్లను తెచ్చి, రోజూ పొద్దున్నే గంటసేపు కూర్చోబెట్టి నల్లరంగు పూసేవారు. అదే గదిలో, పుట్టుకతో వచ్చిన రంగుతో గంగాబాయి టీ పళ్లెం పట్టుకుని తన పనిమనిషి వేషం కోసం నిలబడి ఉండేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదన్నమాట.

చార్వికి తెలుగు రాదు. గొంతు కావాలి. డైరెక్టర్ ఒకరోజు గంగాబాయి కూనిరాగం విని డబ్బింగ్ థియేటర్‌కు పంపాడు. బయట “పోయిండు, వచ్చిండు” అనే మనిషి మైకు ముందు నిలబడి “వెళ్ళిపోయారండీ” అనడం నేర్చుకుంది. తెర మీద చార్వి పెదాలు విచ్చుకున్న చోట మాట మొదలవ్వాలి, మూసుకున్న చోట ఆగాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికి. ఆమె ఒక్కసారికే పూర్తి చేసేది. సీరియల్‌లో వైదేహి తన బిడ్డకు పాడే జోలపాట కూడా గంగాబాయి తెచ్చిందే. వాళ్లమ్మ పాడేది:

మొక్కజొన్న చేనుకంత మంచు కాపలా
ముద్దుబిడ్డ నిద్రకేమొ అమ్మ కాపలా

ఆ జోలపాట రాష్ట్రమంతా పాకింది. ఫోన్లలో మోగింది. పాడింది ఎవరని అడిగినవాడు లేడు. వైదేహి పాడింది, అంతే.

ఇక్కడే వచ్చింది చిక్కు. పనిమనిషి గౌరికీ, వైదేహికీ కలిపి సన్నివేశం పెట్టారు. ఇద్దరిదీ ఒకే గొంతైతే ఎలా? గౌరికి వేరే మనిషి చేత చెప్పించాలంటే మరో ఖర్చు. డైరెక్టర్ టీ తాగుతూ ఆలోచించి, తేలిగ్గా తేల్చేశాడు. “పనిమనిషిని మూగది చేసేయండి. సెంటిమెంటుకు కూడా బాగుంటుంది.” అలా గంగాబాయి గొంతు ఉన్నందువల్లనే మూగదయింది. ఆ రోజు ఆమె నవ్విందట కూడా. డైలాగులు బట్టీ పట్టే బాధ తప్పిందని.

సీరియల్ అయిపోయాక గాని ఆమెకు తెలిసిరాలేదు. వేరే హీరోయిన్లకు గొంతిస్తానని వెళితే, “ఇది వైదేహి గొంతు, ఇంకెవరికి పెట్టినా జనం పట్టేస్తారు,” అన్నారు. పోనీ మాటలున్న వేషం ఇమ్మంటే, “నువ్వు మాట్లాడితే జనం నవ్వుతారు,” అన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కృష్ణానగర్ గదిలో ఊరికే కూర్చున్న రోజులు పెరిగాక, నర్సింగ్ తెలిసినవాళ్లను పట్టుకుని ఆమెకు దోహాలో ఆయా వీసా తీయించాడు. తెర మీద ఊడ్చిన మనిషి ఇక్కడ నిజంగా ఊడ్చింది.

ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గాని, ఆయన కార్మికుల క్యాంపులో, ఆమె నర్సరీ వెనక ఆయాల గదిలో. శుక్రవారం శుక్రవారం, సెలవు రోజున కార్మికులంతా చేరే ఏషియన్ టౌన్‌లో కలుసుకునేవారు. చెరో చిక్కటి కరక్ చాయ్ తీసుకుని క్రికెట్ గ్రౌండ్ వైపు మెట్ల మీద కూర్చునేవారు. కొత్తగా పెళ్లయినవాళ్లలా ఆయన ఆమె కోసం చోటు తుడిచేవాడు. క్యాంపులో ఆయన ఊరికే ఉండలేదు. వైదేహి గొంతు తన పెళ్లానిదే అని అందరికీ చెప్పాడు. వాళ్లు ఫోన్లో సీరియల్ పెట్టుకుని గుమ్మం దగ్గర ఏడుస్తున్న గౌరిని చూపించి పకపకా నవ్వారు. అప్పటి నుంచి ఆయన పేరే మారిపోయింది.

“మూగదాని మొగడా అంటున్రు గంగా,” అన్నాడు ఒక శుక్రవారం తల దించుకుని. “రాజన్న గూడ అంటున్నడు. మనూరోడు.”

“అననియ్యి. నోరు వాళ్లది.”

పైకి అలా అంది గాని, ఆ మాట ఆమెను కోసేసింది. ఆస్తి కోసం, పేరు కోసం ఆమె ఎప్పుడూ ఏడవలేదు. తన గొంతు తన మొహం నుంచి వస్తుండగా జనం ఒక్కసారి చూడాలి. ఆమె కోరిక అదొక్కటే. అది ఎంత చిన్న కోరికో, ఎంత దొరకని కోరికో ఆమెకే తెలుసు.

సావిత్రి భర్త రామమోహన్ ఇంజనీరు, అక్కడి తెలుగు కుటుంబాల సంఘానికి కార్యదర్శి. సంఘం వార్షికోత్సవానికి చార్విని పిలిచారు. పిలిచాక తెలిసింది, ఆవిడకు తెలుగు ఇప్పటికీ అంతంతమాత్రమే అని. ఈలోగా గంగాబాయి నోటే అసలు సంగతంతా విన్న సావిత్రి చెప్పగా ఆయన నర్సరీకి వచ్చాడు.

“చార్విగారు స్టేజీ మీద పెదాలు కదుపుతారు. మీరు తెర వెనక నుంచి రెండు డైలాగులు, జోలపాట పల్లవి చెబితే చాలు గంగాబాయిగారూ. ఆడియెన్స్‌కి ఆ గొంతు వినిపించాలి కదా.”

“చెప్త సార్. గని ఒక్కటి,” అంది గంగాబాయి. చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంటూనే ఉంది. “ఆఖరికి ముంగటికొచ్చి ఆ పాట నేను పాడుత. నా మొకం అందరికి కనవడాలె.”

“తప్పకుండా. మైకులో నేనే చెబుతాను, వైదేహికి గొంతిచ్చింది మీరేనని.” మంచివాడే. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ వారమంతా ఆమె గోరువెచ్చని నీళ్లే తాగింది. పిల్లల్ని కూడా గట్టిగా కేకేయలేదు. నర్సింగ్ క్యాంపులో అందరినీ పేరుపేరునా పిలిచి, వ్యాన్ మాట్లాడి, రాజన్నతో సహా అందరినీ ఎక్కించుకొచ్చాడు. “ఇయ్యాల సూడున్రి,” అన్నాడు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వాళ్లంతా హాల్లో వెనక వరసల్లో కూర్చున్నారు. ముందు వరసలన్నీ పట్టుచీరలు.

తెర వెనక చార్వి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “అక్కా, నువ్వు లేక నేను లేదు,” అంది. వచ్చీరాని తెలుగులో నిజమే చెప్పింది పాపం. తరవాత వెలుగులోకి వెళ్లి పెదాలు కదిపింది. చీకట్లో నిలబడి గంగాబాయి మాట్లాడింది. వైదేహి అత్తగారిని ఎదిరించే డైలాగుకు హాలు ఈలలతో ఊగిపోయింది. పల్లవికి ముందు వరసల్లో కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు రామమోహన్ మైకు అందుకున్నాడు. “మనందరినీ ఏడిపించిన మూగ గౌరి ఎక్కడో లేరు, మన దోహాలోనే ఉన్నారు!” గంగాబాయి వెలుగులోకి వచ్చింది. హాలు ఒక్కసారి లేచింది. “గౌరీ! గౌరీ!” ఆ గోలలో రామమోహన్ చెప్పిన రెండో మాట, వైదేహికి గొంతిచ్చింది ఈవిడేనన్న మాట, ఎవరి చెవినా పడలేదు. “ఇప్పుడు పాడతారు,” అన్నది మాత్రం పడింది. మూగ గౌరి పాడుతుందట! జనం కడుపుబ్బ నవ్వారు. భలే ఐటం పెట్టారనుకున్నారు.

ఆమె పాడింది. డబ్బింగ్ థియేటర్‌లో ఎలా పాడిందో అలాగే, ఎక్కడా తొణకకుండా, అచ్చం వైదేహి గొంతుతో. అదే ఆమె చేసిన తప్పు. కాస్త బొంగురు పోయినా, ఎక్కడైనా దగ్గినా బతికిపోయేది. చరణం మధ్యలో స్టేజీ అంచుకు నడిచినప్పుడు ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో అంటున్న మాట వినబడింది: “ఎంత బాగా చేస్తోందో చూడు! నిజంగా పాడుతున్నట్టే ఉంది.”

గంగాబాయికి అప్పుడు అర్థమైంది. రికార్డు వేశారనుకుంటున్నారు. పెదాలు కదుపుతున్నది తాను, గొంతు చార్విది అనుకుంటున్నారు. మరేం తోచలేదు. పాట ఆపేసింది. ఆపితే నిశ్శబ్దం వస్తుంది, అప్పుడైనా తెలుస్తుందనుకుంది.

నిశ్శబ్దం వచ్చింది. వెంటనే వెనక నుంచి ఎవరో అరిచారు, “సౌండ్ పోయింది!” హాలంతా అందుకుంది. “సౌండ్! సౌండ్!”

ఆమె నోరు తెరిచి చెప్పబోయింది. మైకు అందుకోబోయింది. ఈలోగా రామమోహన్ కంగారుపడిపోయాడు. ప్రోగ్రాం పాడవుతుందన్న భయం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. సౌండ్ చూసే ఖాసీం వైపు తిరిగి, తొందరగా రికార్డు పెట్టమని చేతులూపాడు. “ఖాసీం భాయ్, యల్లా! ట్రాక్ లగావ్!” ఖాసీంకు తెలుగు రాదు. మైకు చెడిందనుకున్నాడు. సీరియల్‌లోని పాట లాప్‌టాప్‌లో సిద్ధంగానే ఉంది, నొక్కాడు.

ఆమె గొంతే వచ్చింది. ఏళ్ల కిందటిది, ఇప్పటికన్నా లేతది. హాలు నిండిపోయింది. గంగాబాయి నోరు మూసుకుని దాని కింద నిలబడింది. దిగిపోవచ్చు. మైకు విసిరికొట్టవచ్చు. నేనైతే అదే చేసేదాన్ని. కానీ ఆమె ఏళ్ల తరబడి ఒక్కటే పని నేర్చింది: గొంతూ పెదాలూ కలవాలి. కలవకపోతే ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. పెదాలు వాటంతటవే కదిలాయి. చివరి చరణం దాకా, చివరి జోజో దాకా, ఒక్క అక్షరం తప్పకుండా.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చార్వి ఆమెను కావలించుకుని నిజంగానే ఏడ్చింది. ఎవరికీ అర్థం కాలేదు ఆ ఏడుపు.

బయట కార్ల మధ్య క్యాంపువాళ్లు వ్యాన్ దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. రాజన్న ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఎగతాళి లేదు, గౌరవమే ఉంది.

“వదినా, మస్తు జేసినవ్! పెదాలు ఒక్కతాన గూడ తప్పలే. గా ముంగట కూసున్నోళ్లు గూడ నమ్మిన్రు నువ్వే పాడుతున్నవని.”

ఆమె నర్సింగ్ వైపు చూసింది. ఇన్నేళ్లూ ఆమె తరఫున క్యాంపులో కొట్లాడినవాడు. కానీ పెళ్లయిన కొత్తలోనే విమానం ఎక్కినవాడు. ఆమె మైకు ముందు నిలబడ్డం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన ఆమె దగ్గరికి వచ్చి, రాజన్నకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

“గంగా, నాకు నిజం చెప్పు. మొదలు నువ్వే పాడినవా? లేకుంటే అది గూడ పెట్టిన పాటేనా?”

హాలంతా నమ్మకపోవడం ఆమె తట్టుకుంది. ఈ ఒక్క మనిషి నమ్ముతున్నాడన్న ధైర్యంతోనే తట్టుకుంది.

“ఏదీ, ఈడ ఒక్క లైను పాడు,” అన్నాడు నర్సింగ్ బతిమాలుతున్నట్టు. “రాజన్న గూడ వింటడు.”

“నీకు గూడ పాడి సూపియ్యాల్నా?” అంది గంగాబాయి.

ఆయన ఏదో అనబోయాడు. ఆమె వినలేదు. తెల్లారితే పిల్లలు వస్తారని చెప్పి నర్సరీ వైపు నడిచింది. ఆ తరవాత ఏ శుక్రవారమూ ఆమె ఏషియన్ టౌన్ వెళ్లలేదు.