రిలీవర్ లేని కోట

మాడు వాసన ముక్కుకి తగిలినప్పుడు నా కుడి చెయ్యి మౌసు మీద ఉంది, ఎడమ చెయ్యి మామ్మ భుజం మీద ఉంది, నా కోట ఉత్తరపు గోడ మీద విలుకాళ్లు వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు. ప్రమాదం వచ్చిందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే. కాకపోతే అది కోటకా వంటింటికా అని తేల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. (అప్పట్లో నాకు కోటే ముందు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. మూడిళ్ల అవతల పాలు పొంగినా నా గుండె జారుతుంది.)

మా చిన్నతనంలో ఖరగ్‌పూర్ ట్రాఫిక్ క్వార్టర్లలో దేవుడి తర్వాత అందరూ ఎక్కువగా తలుచుకునేది రిలీవర్‌నే. అంటే, మన డ్యూటీ అయ్యాక వచ్చి మన సీటు అందుకునే మనిషి. మా నాన్న రైల్వే యార్డులో సిగ్నల్ కేబిన్‌లో పని చేసేవారు. పండగైనా, జ్వరమైనా, మామ్మ కళ్లు తిరిగి పడిపోయిందని కబురు వెళ్లినా, "రిలీవర్ రాలేదు" అని జవాబు వచ్చేది, దానికి ఇంట్లో ఎదురు చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. రిలీవర్ వచ్చినా వెంటనే లేవడానికి లేదు. చార్జి అప్పగించాలి. ఏ లైనులో ఏ బండి ఉంది, ఏది రావాలి, ఏది కదలకూడదు, అన్నీ నోటితో చెప్పి, విన్నవాడు తిరిగి అప్పజెప్పాకే కుర్చీ వదలాలి. నాకూ తమ్ముడికీ ఎక్కాలకంటే ముందు వచ్చిన పాఠం ఇది.

బదిలీ అయి వెళ్లిపోతున్న నాన్న స్నేహితుడొకాయన ఇచ్చిన పాత కంప్యూటరులో కోటల ఆట ఒకటి ఉండేది. కోట కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, శత్రువుని గెలవాలి. చదరంగంలాగ మనదొక ఎత్తు, వాడిదొక ఎత్తు. మధ్యలో లేచి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చిన్న కునుకు తీసి వచ్చినా శత్రువు మర్యాదగా అక్కడే నిలబడి ఉండేవాడు. తమ్ముడికి అదంటే ప్రాణం. ఆ వానాకాలంలో వాడే గోల్‌బజార్‌లో సీడీలమ్మే బెంగాలీ దాదా దగ్గర దాని రెండో భాగం తెచ్చాడు, తెచ్చిన రోజే దాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. అందులో వంతులు లేవు. కాలం దానంతట అదే పరిగెడుతుంది. సైనికులకి ఆకలేస్తుంది, చేను పండకపోతే అలుగుతారు, తిండి చాలకపోతే రాళ్లు కొట్టేవాళ్లు పని ఆపేసి కూర్చుంటారు. (సమ్మె అని తెలియగానే మామ్మ వాళ్ల పక్షం చేరిపోయింది.) నాకు మాత్రం ఆ రెండో కోట తెగ నచ్చేసింది. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. మొదటి దానిలో బెంగపెట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. రెండో దానిలో అన్నం ముద్ద నోట్లో ఉండగా కూడా బెంగపెట్టుకోవచ్చు.

చిక్కేమిటంటే ఆ కంప్యూటరులో రెండింటికీ చోటు చాలేది కాదు. ఒకటి తీసేయాలి. ఆదివారం డ్యూటీ దిగి వచ్చేసరికి మేమే తేల్చుకోవాలని, లేకపోతే తను తేలుస్తానని నాన్న చెప్పి వెళ్లారు. "లేవడానికి లేకపోతే అది ఆటేటి అక్కా, డ్యూటీ గాని" అన్నాడు తమ్ముడు. మాటకి మాట ఉండాలి కదా, రిలీవర్ ఉంటే లేవవచ్చన్నాను. పొద్దుటి డ్యూటీ నాది, మధ్యాహ్నం వాడిది. ఆదివారం సాయంత్రం దాకా కోట నిలిచిందా, రెండో భాగం ఉంటుంది. పడిందా, పోతుంది. వాడు ఒప్పుకున్నాడు, ఒప్పుకుని బంతి పట్టుకుని మైదానానికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం అమ్మ ఇలిష చేప పులుసు పెట్టింది. పక్క క్వార్టర్‌లో పుట్టిన పాపని చూసొస్తానని బయల్దేరుతూ, పులుసు సన్న సెగ మీద ఉందని, చిక్కబడగానే దించమని నాకు చెప్పింది. ఊఁ అన్నాను. శత్రువు కూడా సరిగ్గా అప్పుడే కోట గేటు ముందు దిగాడు. పులుసు సంగతి గుర్తొచ్చి లేద్దామంటే, మధ్యాహ్నమైనా రిలీవర్ రాలేదు. కిటికీలోంచి మైదానం వైపు అరిచాను. తమ్ముడు వినిపించుకోలేదు. (బౌలింగు వదిలి రావడానికి తనకీ రిలీవర్ దొరకలేదని తర్వాత వాదించాడు.) అప్పుడు వసారాలో పడుకున్న మామ్మ లేచి వచ్చి, "నాను కూకుంటానే, నువ్వెల్లి గిన్ని దించు" అంది.

ఇంకొకరైతే పరుగెత్తేవారు. నేను సిగ్నల్ కేబిన్ మనిషి కూతుర్ని. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి చార్జి అప్పగించడం మొదలుపెట్టాను. గాదెలో ధాన్యం ఎంత ఉందో, బూర ఊదితే ఎక్కడ నొక్కాలో, రాళ్లు కొట్టేవాళ్లకి ఎప్పుడు తిండి పెట్టాలో చెప్పాను. మాడు వాసన వచ్చింది అప్పుడే. అయినా సగం చార్జి ఇవ్వడం అసలు ఇవ్వకపోవడం కంటే ప్రమాదమని నాన్న చెప్పేవారు కనక పూర్తిచేశాను. మామ్మ కూడా తొందరేమీ లేకుండా తిరిగి అప్పజెప్పింది. ఒక చోట తప్పితే మళ్లీ మొదటినుంచి చెప్పించాను.

నేను వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ కూడా వాసన పట్టుకుని వచ్చేసింది. గిన్నె అడుగున బొగ్గు, పైన ఇలిష తల, ఆ తల నాకేసే చూస్తోంది. అమ్మ నోరు తెరిచేలోపు లోపల బూర మోగింది. వెనక్కి పరుగెత్తాను. కోట గేటు బార్లా తీసి ఉంది. శత్రురాజు నా సభామండపంలో నిలబడి ఉన్నాడు.

"ఏటే అలగ సూస్తావు?" అంది మామ్మ. "ఇంటి ముందలకొచ్చి వానలో నిల్సున్నారు పాపం. తలుపు తీసినాను." (వాళ్లకి తిండి పెట్టడానికి ఎక్కడ నొక్కాలో కూడా వెతుకుతోంది.)

రైల్వేలో ప్రమాదం జరిగితే విచారణ ఉంటుంది. నాన్న వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా, మమ్మల్ని వరసగా నిలబెట్టారు. కోట పడిందని తమ్ముడు మహా సంతోషంగా ఉన్నాడు గానీ, డ్యూటీకి ఎందుకు రాలేదని అడిగేసరికి వాడి మొహం కూడా వాడింది. తర్వాత నా వంతు.

"చార్జి ఇచ్చినావా?"

"ఇచ్చినాను నాన్నా. మామ్మ తిరిగి సెప్పింది కూడాను."

"గేటు సంగతి సెప్పినావా?"

"మూసే ఉంది కదాని సెప్పలేదు."

"మూసున్న గేటు సంగతే ముందు సెప్పాలమ్మా" అన్నారు నాన్న.

ఆ తర్వాత యంత్రాన్ని పరీక్షించడం. మొదటి ఆట పెట్టించి, లేచి, మంచినీళ్లు తాగి వచ్చారు. ఏమీ కదల్లేదు. రెండోది పెట్టించి మళ్లీ నీళ్లకి వెళ్లారు. వచ్చేసరికి ఒక గాదె తగలబడుతోంది. ఆయన తీర్పు చెప్పేశారు. "మనిసి లేనప్పుడు ఆగాల. ఆగకపోతే కొత్తదైనా బాగుపడినట్టు కాదు. మొదటిదే ఉంచండి. ఠీక్ హై."

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది, చేతిలో ఆ మాడిన గిన్నెతోనే: "నా వంటిల్లు ఆ రెండోదానిలాటిదేనండీ. నాను లేకపోతే ఆగదు. నాకు రిలీవరెవరు?"

విచారణాధికారి చొక్కా చేతులు పైకి మడిచి, లేచి వెళ్లి ఆ గిన్నె అందుకున్నారు. అమ్మ చార్జి ఇచ్చింది: బూడిద ఎక్కడుందో, పీచు ఎక్కడుందో, ఎంత రుద్దాలో. నాన్న బుద్ధిగా తిరిగి అప్పజెప్పారు. తీర్పు మాత్రం మారలేదు. ఆ సాయంత్రమే తమ్ముడు రెండో కోటని తీసేశాడు. నా రాళ్లు కొట్టేవాళ్లు ఏమైపోయారో అని చాలా రోజులు బెంగపడ్డాను.

ఇప్పుడు నేనుండేది అదే ఊళ్లో, ఝపటాపూర్‌లో. నిన్న సాయంత్రం మా ఇంట్లో, నా పిల్లలిద్దరూ వాళ్ల ఆటకి కొత్త భాగం వచ్చిందని, పాతదే నయమని ఒకరూ కొత్తదే మేలని ఒకరూ కొట్టుకుని, తీర్పుకి నా దగ్గరికి వచ్చారు. కుక్కరు మీద ఒక చెవి, బట్టలు తడుస్తాయేమోనని ఆకాశం మీద ఒక కన్ను పెట్టి విన్నాను. పొద్దున్న చెప్తానన్నాను. రాత్రంతా ఆలోచిస్తే, ఊరికే బెంగపడడానికి ఒక కోటని వెతుక్కున్న ఆనాటి ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అంత తొందరేమొచ్చింది తల్లీ, కోటలు వాటంతటవే వస్తాయిలే అని దానికి చెప్పాలనిపించింది.

పొద్దున్న ఇద్దర్నీ వంటింట్లోకి పిలిచి, నా పీట మీద కూర్చోబెట్టి చెప్పాను. (చెప్పాక నేను వెళ్లింది గుమ్మం అవతలికే, అది వేరే సంగతి.) "కొత్తదే బాగుంటుంది. కాకపోతే అది ఒక్కరే ఆడేది కాదు. ఇప్పుడు వినండి. పాలు కాచి దించాను, చల్లారాక మూత పెట్టాలి. మీ నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు, లేపకూడదు. అన్నిటికంటే ముందు, గేటు మూసి ఉంది. వానలో ఎవరు నిలబడినా నన్ను అడక్కుండా తీయకండి. ఏదీ, తిరిగి చెప్పండి. నేను కాసేపు డ్యూటీ దిగుతాను."