గన్నవరంలో ఎదురు శకునం

పగ పెట్టుకోవడం పాపమని మా అమ్మ అంటూ ఉండేది. ఆ అమ్మ కోసమే పగ తీర్చుకున్నాను కాబట్టి ఆ పాపం నాకు అంటదని ఇప్పటికీ నా నమ్మకం.

రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన సంగతి. గన్నవరం విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు రోజుకొక్క చిన్న విమానం ఉండేది. దాన్ని నడిపే కంపెనీ తరఫున లోపలికెళ్ళే తలుపు పక్కన బల్ల వేసుకుని కూర్చుని, వచ్చేవాళ్ళ సందేహాలు తీర్చడం నా ఉద్యోగం. ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకోనిస్తారా అని బందరు పెద్దాయన అడిగేవాడు. బంటుమిల్లి రొయ్యల రైతుకి తన చెరువు ఏ పక్క కిటికీలోంచి కనపడుతుందో కావాలి. పడమటికి వెళ్ళే విమానానికి బంటుమిల్లి ఎందుకు తగులుతుందండీ అంటే నొచ్చుకునేవాడు. ఒక్క మనిషి ప్రయాణానికి రెండు కార్లలో దిగిన గుడివాడ వాళ్ళు, "బస్టాండులో అయితే సీటు దాకా వెళ్ళనిస్తారు కదండీ" అని నాతో దెబ్బలాడేవాళ్ళు.

టికెట్టు నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి తెచ్చేవాళ్ళు చాలామంది. అక్కడితో ఆగితే బాగుండేది. వర్జ్యం వెళ్ళేదాకా కార్లోంచి దిగేవాళ్ళు కాదు. ఈలోగా కౌంటరు మూసేసేవారు. చూడలేక నేనే బయటికి వెళ్ళి కారు అద్దం కొట్టి, "పైలెట్ గారు పంచాంగం చూడరండీ, దిగండి" అని పిలుచుకొచ్చేదాన్ని. అది నా ఉద్యోగంలో భాగం కాదు, అలవాటు, అంతే.

ఇంతకీ వాళ్ళకి తెలియని మాట ఒకటుంది. నేను విధవను. బొట్టు పెట్టుకునేదాన్ని కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. విమానం నిండా జనానికి రోజూ ఎదురొచ్చేదాన్ని, అందరూ క్షేమంగా వెళ్ళి పనులు చక్కబెట్టుకుని వచ్చేవాళ్ళు.

నా సంగతి తెలిసినవాడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. మా ఆయన పోయాక నాలుగేళ్ళు గుడివాడలో ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఆయన గుమ్మం దాటే ప్రతిసారీ, "అమ్మాయ్, కాస్త లోపలికి వెళ్ళు" అనేవారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున నిలబడేదాన్ని. అదీ భరించాను. ఒకరోజు పొద్దున్నే పక్కింటికి ఫోన్ వచ్చింది, మోపిదేవి దగ్గర మా ఊళ్ళో అమ్మకి సీరియస్‌గా ఉందని. సరిగ్గా అప్పుడే బావగారు కుటుంబంతో మోపిదేవికే బయల్దేరుతున్నారు, పుట్టలో పాలు పోసి మొక్కు తీర్చుకోవడానికి. కార్లో వెనక సీటు సగం ఖాళీ. పరుగెత్తుకెళ్ళి అడిగాను. ఆయన నా మొహం చూడకుండానే, "దైవకార్యానికి వెళ్తున్నాం. మేం మలుపు తిరిగాక బస్సులో రామ్మా" అన్నారు. పామర్రులో ఒక బస్సు, చల్లపల్లిలో ఇంకో బస్సు మారి నేను చేరేసరికి అమ్మ మీద గుడ్డ కప్పేశారు. తులసి నీళ్ళు నా చేత్తో పోయలేకపోయాను. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అలాంటి మనిషి ఒకనాడు పసుపు పూసిన టికెట్టు పట్టుకుని మా విమానాశ్రయం గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూసి, తేలు కుట్టినట్టు ఆగిపోయి, వెనక్కి తిరిగారు. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. డ్రైవరు చేత కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నారు, రెండు గుక్కలు తాగారు, కార్లో కూర్చున్నారు. అపశకునమైతే కాళ్ళు కడుక్కుని కాసేపు ఆగి మళ్ళీ బయల్దేరాలి కదా. ఈలోగా నేను అక్కణ్ణించి లేచి పోతానని ఆశ కూడా ఉండుంటుంది.

గడియారం చూశాను. నాలుగడుగులు వేస్తే కారు అద్దం కొట్టొచ్చు. లేవలేదు. మైకులో మూడుసార్లు పిలిచారు. ఆ మైకు లోపలివాళ్ళకే వినపడుతుంది.

ఆయన వచ్చేసరికి కౌంటరు మూసేశారు.

"విమానం ఇంకా అక్కడే ఉంది కదమ్మా! ఒక్క మాట చెప్పు లోపల. హైదరాబాదులో పెట్రోలు బంకు డీలర్‌షిప్ ఇంటర్వ్యూ, మధ్యాహ్నమే."

"విమానం మలుపు తిరిగాక బస్సులో వెళ్ళండి, బావగారూ" అన్నాను.

ఆయన మొహం చూడాల్సింది. ఎన్నాళ్ళకో ఆ పూట అన్నం రుచి తెలిసింది నాకు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. బావగారి భార్య, మా తోటికోడలు అక్క, ఫోన్ చేసింది. బావగారు రైస్ మిల్లులో కూర్చుని ఊరందరికీ చెబుతున్నారట: "గుమ్మంలోనే అది ఎదురైంది. ఇంక పని ఏమవుతుంది?" నా ఒళ్ళు మండిపోయింది. ఆయన శాస్త్రానికి నేనే సాక్ష్యం చెప్పినట్టయింది. నా చేత్తో నా కన్నే పొడుచుకున్నాను.

ఎవరి కాళ్ళో పట్టుకుని ఇంకో తేదీ వేయించుకున్నారని కూడా అక్కే చెప్పింది. చెప్పి, "ఆ రోజు నీకు డ్యూటీ ఉందా అమ్మా?" అని నసుగుతూ అడిగింది. పక్కన ఎవరు నిలబడి అడిగిస్తున్నారో నాకు తెలియదా?

"సెలవు అక్కా" అన్నాను.

ఆ బంకు రావాలని ఆయన కంటే నేనే ఎక్కువ మొక్కుకున్నాను. ఆ రోజు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని విమానాశ్రయానికి వెళ్ళాను. బావగారు ధీమాగా కారు దిగి నడిచొస్తుంటే, లోపలి నుంచి బయటికి, నిండుగా ఎదురెళ్ళాను. ఆయన పాదం గాల్లోనే ఆగింది.

"మళ్ళీ కాళ్ళు కడుక్కుంటారా? కౌంటరు మూయడానికి పది నిమిషాలే ఉంది బావగారూ" అన్నాను.

వెనక్కి వెళ్తే విమానం పోతుంది, ముందుకు వస్తే నేనున్నాను. ఆయన చేతిలో బ్యాగు లాక్కుని ముందు నడిచాను. కిటికీ పక్క సీటు ఇప్పించాను. బలికి తోలుకెళ్ళే మేకలా నా వెనకే వచ్చారు.

మర్నాడు బోర్డు మీద జాబితా పెట్టారట. బంకు ఆయనకే వచ్చింది.

తిరిగొచ్చే రోజున గుడివాడ నుంచి రెండు కార్లు, పూలదండలు, మిల్లు జనం, అక్క, అందరూ దిగారు. దిగినవాళ్ళని ప్రయాణం ఎలా జరిగిందని అడిగి పుస్తకంలో రాసుకోవాలని మా కంపెనీ కొత్తగా పెట్టింది. మెడలో దండ పడేదాకా ఆగి, పుస్తకం పట్టుకుని ఆ గుంపు మధ్యలోకి వెళ్ళాను.

"ప్రయాణం బాగా జరిగిందా అండీ?"

"ఆ."

"వెళ్ళిన పని అయిందా?"

"అయింది" అన్నారు దండ సవరించుకుంటూ.

"బయల్దేరేటప్పుడు మీకు ఎదురొచ్చింది ఎవరు బావగారూ?"

మిల్లు జనం ఇటు తిరిగారు. అక్క తల దించుకోలేదు, మొగుడి వైపే చూస్తోంది. ఆయన నేల చూస్తూ, గొంతులోనే, "నువ్వే" అన్నారు.

"కాస్త గట్టిగా చెప్పండి" అన్నాను. "వెనకవాళ్ళకి వినపడలేదు."