పొట్టి అడుగు, పొడుగు అడుగు

హైదరాబాద్‌లో సందుకో కాల్ సెంటర్ తెరుస్తున్న రోజులవి. మొయినాబాద్‌లో డిగ్రీ ముగించిన నాకు వాటిలో ఒకదాన్నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. ఇంగ్లిష్ మాటల్లో హ్రస్వం, దీర్ఘం నా నోట్లో ఒకేలా పలికేవి. చేవెళ్లలో కోచింగ్ సారు ఉపాయం చెప్పారు: "సిట్‌కు పొట్టి అడుగెయ్యి, సీట్‌కు పొడుగు అడుగెయ్యి. నోరు అదే దారికొస్తది."

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం మా అవ్వ మొక్కుకొని రమ్మని, వీసాలిప్పించే దేవుడని పేరున్న చిల్కూరు గుడికి పంపింది. ప్రదక్షిణలు ఎలాగూ చేయాలి కదా అని సాధన కూడా అక్కడే మొదలుపెట్టాను. సిట్, సీట్. ఫిల్, ఫీల్. కాసేపటికి వెనక్కి చూశాను. వీసా మొక్కులవాళ్లు వరుసగా నాలాగే అడుగులు వేస్తున్నారు, పెదవులు కూడా కదుపుతున్నారు.

నా వెనకే ఉన్న పెద్దావిడ అడిగింది, "గిట్ల తిరిగితే వీసా జల్ది వస్తదా బిడ్డా?"

"వీసాకు కాదవ్వా, ఇంగ్లిష్ కోసం."

"రెండూ ఒకటే గద. ఆగకు, నడువు."

నడిచాను. మర్నాడు ఇంటర్వ్యూలో కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించారు. ఉద్యోగం రాలేదు.

నెల తర్వాత మళ్లీ గుడికి వెళ్తే కొత్తవాళ్లెవరో అచ్చం అలాగే నడుస్తున్నారు. ఇంతమంది చేస్తున్నారంటే ఏదో మహిమ ఉండే ఉంటుందనిపించి, నేనూ వాళ్ల వెనక చేరాను.