రెండు గాట్లు పొడుగు

కోరంగి ఓడల వడ్రంగుల్లో వీరబ్రహ్మానికి గీత గీసి ఇవ్వక్కర్లేదనేవారు. కంటితో ఒకసారి చూసి రంపం పెడితే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆ కన్ను అన్న గంగయ్య పెట్టిన భిక్ష. తండ్రి ఉప్పెనలో కొట్టుకుపోయిన తరవాత తమ్ముడి చేతికి కొయ్య చెక్కే బాడిస ఇచ్చి, తప్పు కోసినప్పుడల్లా వేళ్ళ కణుపుల మీద కొట్టి నేర్పాడు.

ఆ ఉప్పెనతోనే కోరంగి రేవు కూడా కుంగిపోయింది. ఓడలు కట్టించేవాళ్ళు తగ్గారు. టేకు ఎక్కడుంటే పని అక్కడుంటుందని గంగయ్య రంగూను వెళ్ళి, నది ఒడ్డున ఒక వర్తకుడి దగ్గర పెద్దవడ్రంగిగా కుదురుకున్నాడు. భార్య వరహాలమ్మ కోరంగిలోనే ఉండిపోయింది. రెండేళ్ళకోసారి వచ్చి వెళ్ళేవాడు.

వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త ఓడకి అడుగుదూలం వేసిననాడు పెద్దవడ్రంగి దానికొక పసుపుదారం చుట్టి, మిగిలిన ముక్క తన మణికట్టుకి కట్టుకుంటాడు. ఆ ఓడ నీళ్ళలోకి దిగేదాకా దాన్ని వదిలి ఊరు దాటడు. మాఘమాసంలో దూలం వేశామని గంగయ్య కబురు పంపాడు. ఫాల్గుణంలో కుంపిణీవాళ్ళకీ బర్మా రాజుకీ యుద్ధమన్నారు. అది వెయ్యిన్నీ ఎనిమిదివందల యాభైరెండు.

ఊరంతా పారిపోయినా అన్న కదలడని వీరబ్రహ్మానికి తెలుసు. రంగూను వెళ్ళే పొగఓడకి వడ్రంగి కావాలంటే తనే వెళ్ళి చేరాడు.

"ఏంటి మరిదీ, యుద్ధానికి వెళ్తున్నావా, మీ అన్నని తీసుకురావడానికా?" అంది వరహాలమ్మ.

"రెండూ ఒకే ఓడలో ఉన్నాయి వదినా."

"అదే నాకు నచ్చట్లేదు."

ఓడ మీద అతనికి అప్పగించిన పని విరిగిన తెరచాప కొయ్యలు బాగుచెయ్యడం కాదు. ఫిరంగిలో వేసే పేలుడు గుండుకి ఒక కన్నం ఉంటుంది. అందులో మందు కూరిన కర్రగొట్టం దిగగొడతారు. ఫిరంగి పేలినప్పుడు గొట్టానికి నిప్పంటుకుని, కాలుతూ కాలుతూ లోపలికి చేరగానే గుండు బద్దలవుతుంది. గొట్టం మీద వరసగా గాట్లుంటాయి. ఫిరంగి పేల్చే తెల్ల గోలందాజు ఎన్ని గాట్లంటే అన్ని గాట్ల దగ్గర కొయ్యాలి. తాళ్ళరేవు నించి వచ్చిన ఖలాసీ బుల్లియ్యకి ఇంగ్లీషు కాస్త అర్థమవుతుంది. వాళ్ళ మాట వీరబ్రహ్మానికి అతనే చెప్పేవాడు.

చైత్రంలో ఒక ఉదయం ఓడలన్నీ రంగూను ఎదట లంగరు వేశాయి. ఒడ్డున దుంగల గోడ, దాని మీద రాజుగారి సైనికులు. గోడ వెనక, ఇంకా చెక్కలు కొట్టని ఒక ఓడ పక్కటెముకలు ఆకాశంలోకి లేచి కనబడ్డాయి. ఆ వంపు ఎవరి చేతిదో వీరబ్రహ్మం అంత దూరం నించీ పోల్చుకున్నాడు.

"మూడు గాట్లంట. సరిగ్గా గోడమీద పేలాలంట," అన్నాడు బుల్లియ్య.

"పొడుగ్గా కోస్తే?"

"ఆలస్యంగా పేలుద్ది."

"ఆలస్యమైతే దూరం పోయి పేలుద్ది కదా?"

"పోద్దేమో. నన్నడుగుతావేంటయ్యా, నేను తాళ్ళు లాగేవాణ్ణి!"

పొడుగు దూలం దూరపు గోడని అందుకుంటుంది. పుట్టినప్పటినించీ అతను చూసింది అదే. అయిదు గాట్ల దగ్గర కోశాడు. గుండు అన్న నెత్తిమీంచి దాటి, ఎక్కడో వెనక గుట్టల్లో పేలుతుందనుకున్నాడు. పొగలో గోలందాజు గమనించలేదు. ఒకటి, రెండు, పది. రంపం ఆగలేదు.

కాసేపటికి గోడ వెనక మంట లేచింది. గోలందాజు దుర్భిణి తీసి చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు వీరబ్రహ్మం.

"గోడమీద పేలడం లేదంట. లోపల నేలమీద పడి, దొర్లి, అప్పుడు పేలుతున్నాయంట." బుల్లియ్య మొహం తిప్పుకున్నాడు. "అదే బాగుందంట. అలాగే కోయమంటున్నాడు."

అప్పుడు అర్థమైంది. గుండు ఎక్కడ పడాలో ఫిరంగి చెబుతుంది. గొట్టం చెప్పేది ఎప్పుడు పేలాలో మాత్రమే. తను దాటించింది ఏమీ లేదు. గోడమీది సైనికుల నెత్తిన పేలవలసినవాటిని వాళ్ళ వెనకనున్న ఇళ్ళలోకీ, కొట్టాల్లోకీ దించాడు. చెయ్యి ఆపితే పక్కవాడు కోస్తాడు. తక్కువ కోస్తే ఇప్పుడు పట్టుబడతాడు. పొద్దు వాలేదాకా అయిదు గాట్లే కోశాడు.

సైనికులు మాత్రం ఆ మంటల్లో లేరు. మొదటి గుళ్ళు పడగానే వెనక్కి తగ్గి, బుద్ధుడి గుడి ఉన్న గుట్ట మీదికి చేరిపోయారు. వాళ్ళని అక్కణ్ణించి దించడానికి ఇంకో మూడురోజులు పట్టింది. చివరికి కుంపిణీ సిపాయిలు ఎండలో నడిచి, నిచ్చెనలు మోసుకెళ్ళి, ముఖాముఖి కలబడి ఆ గుట్ట గెలిచారు.

"మరి మనం కాల్చిందంతా దేనికో," అన్నాడు బుల్లియ్య.

వీరబ్రహ్మం ఒడ్డుకి దిగి వెళ్ళేసరికి, అన్న ఓడ కడుతున్నచోట అడుగుదూలం నడుమకి విరిగి ఉంది. గుళ్ళు పడుతుంటే టేకు కన్నా గట్టిది ఏముందని వడ్రంగులూ, చుట్టుపక్కల ఆడవాళ్ళూ పిల్లలూ ఓడ కిందికి చేరారనీ, ఒకటి దొర్లుకుంటూ అక్కడికే వచ్చిందనీ బతికి మిగిలిన తెలుగు కూలీ ఒకడు చెప్పాడు. అది ఏ ఓడ గుండో చెప్పగలవాడు లేడు. ఆ రోజు చాలా ఓడలు కాల్చాయి. గంగయ్యతో సహా అందరినీ ఒక్క గోతిలో పూడ్చారు.

కోరంగి తిరిగి వచ్చేసరికి వరహాలమ్మ పీటమీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. మొహం చూడగానే చేట కింద పెట్టింది. మెడలో సూత్రాలు అలాగే ఉన్నాయి. పోయాడని చెబితే చాలు, ఏడ్చి ఊరుకుంటుంది. తక్కినది చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. దారిపొడుగునా అతను అదే అనుకుంటూ వచ్చాడు. అయినా గొట్టాలు, గాట్లు, రంపం, అన్నీ చెప్పేశాడు.

ఆమె పీటమీంచి లేచింది.

"మీ అన్న మీంచి దాటించాలనుకున్నావు."

"అవును వదినా."

"దాటి ఎవరిమీద పడాలనుకున్నావు?"

ఓడమీద ఉన్నప్పుడూ, తిరుగుదారిలో అన్ని రోజులూ ఆ ప్రశ్న అతనికి తట్టలేదు. గుట్టల్లో పేలుతుందనుకున్నాడే గాని అక్కడ ఎవరుంటారని ఆలోచించలేదు. ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తరవాత అతను ధవళేశ్వరం వెళ్ళి, కొత్త కాలవలకి లాకుల తలుపులు చేస్తూ ముప్ఫై ఏళ్ళు బతికాడు. ఏటా చైత్రంలో మాత్రం కోరంగి వచ్చేవాడు. తొలి ఏడాది తద్దినంనాడు, గంగయ్యకి పిండం పెట్టాక, పురోహితుడు దర్భలు తీసెయ్యబోతుంటే వరహాలమ్మ గుమ్మంలోంచి ఆపింది.

"ఉండండి. ఇంకా ఉన్నారు."

"పేర్లు చెప్పండమ్మా, గోత్రాలు?"

"తెలీవండి. మా ఆయనతో పాటు ఆ ఓడ కిందున్నవాళ్ళు. తక్కిన ఇళ్ళలోవాళ్ళు." మరిది వైపు తిరిగింది. "ఎన్ని కోశావు?"

"లెక్కపెట్టలేదు వదినా."

"అయితే చెయ్యి నెప్పి పుట్టేదాకా నీళ్ళు వదులు."

వీరబ్రహ్మం నువ్వులూ నీళ్ళూ దోసిట్లోకి తీసుకున్నాడు. పురోహితుడు ఏం మంత్రం చెప్పాలో తెలియక ఊరుకున్నాడు. చెంబు ఖాళీ అయితే వరహాలమ్మే నింపి తెచ్చింది. ఎండ పెరటి సగానికి వచ్చినా అతను ఆపలేదు. ఆమె ఆపమనలేదు.